వానాకాలంలో ఆవులు స్టైలోని ముట్టకపోతే దున్నేయాలా?

ధర్మవరం వైపు నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. ఐదెకరాల ఎర్రనేలలో అంజన్ గడ్డి, స్టైలో అనే పప్పుజాతి మేత మొక్క కలిపి చల్లారు. ఇది రెండో వానాకాలం. ఆరు ఆవులున్నాయి, రెండు నెలల కిందటే కోస్తా నుంచి తెచ్చారు. "ఆవులు గడ్డి మాత్రమే తింటున్నాయి. స్టైలోని మూతితో పక్కకు నెట్టి ముందుకు పోతున్నాయి. పప్పుజాతి మేతలో ప్రోటీన్ ఎక్కువని చెప్పి వేయించారు. తినని మేత ఎందుకు, దున్నేసి మొత్తం గడ్డే వేసుకోనా? పైగా అది తింటే కడుపుబ్బరం వస్తుందని ఒకాయన భయపెట్టాడు."

దున్నకండి. మీ ఆవులు చేస్తున్నది సరైన పనే. వానాకాలంలో ఆవు గడ్డికి పోతుంది, వానలు వెనకబట్టాక స్టైలోకి వస్తుంది. ఈ రెండు మేతలూ కలిపి వేసేది అందుకే. ఆగస్టులో చూసి స్టైలో మీద తీర్పు చెప్పకూడదు, సంక్రాంతి దాటాక చూడాలి. ఇక కడుపుబ్బరం గురించి: అది లూసర్న్, బర్సీమ్ లాంటి లేత పచ్చిమేతల్ని ఆకలి మీద ఒక్కసారిగా మేస్తే వచ్చే ఇబ్బంది. స్టైలోతో ఆ భయం లేదు. ఇరవై ఏళ్లకు పైగా కల్యాణదుర్గం దగ్గర ఇదే మేత మీద ఆవుల్ని మేపుతున్నాను, స్టైలో తిని పొట్ట ఉబ్బిన ఆవును ఒక్కదాన్నీ చూడలేదు.

ఆవు ఇలా ఎందుకు చేస్తుందో తెలిస్తే మీ టెన్షన్ సగం తగ్గుతుంది. రేపు పొద్దున ఒక ఆవు పక్కన కూర్చుని దాని నోరు చూడండి. ఆవుకు పైదవడలో ముందుపళ్లు ఉండవు. నాలుక బయటికి చాచి, గడ్డి గుబురు చుట్టూ తిప్పి, లోపలికి లాక్కుని, కింది పళ్లకీ పై చిగురుకీ మధ్య నొక్కి, తల విసిరి తెంపుతుంది. నాలుకకు చుట్టుకునే పొడుగాటి లేత ఆకు దొరికితే ఒక్క కొరుకుకు నోటినిండా మేత వస్తుంది. వానలు పడిన నెలా నెలన్నరలో అంజన్ గడ్డి సరిగ్గా ఇలాగే ఉంటుంది. ఆకు ఎక్కువ, కాడ తక్కువ, ప్రోటీన్ పది శాతానికి పైనే, అరుగుదల కూడా బాగుంటుంది. అదే సమయంలో స్టైలో నేలబారున, చిన్న చిన్న ఆకులతో, సన్నని కొమ్మలతో ఉంటుంది. నాలుకకు అందదు. అంత మంచి గడ్డి ముందుండగా ఆవు స్టైలోని ఏరుకుంటూ ఎందుకు కూర్చుంటుంది?

ఇప్పుడు ఇదే చేలోకి జనవరిలో రండి. అంజన్ గడ్డి వెన్ను తీసి, గింజ రాల్చి, ఎండిపోయి ఉంటుంది. ఒక కాడ విరిచి చూడండి, పుల్లలా టక్కున విరుగుతుంది. దానిలో ప్రోటీన్ మూడు నాలుగు శాతానికి పడిపోయి ఉంటుంది. మన వేడి ప్రాంతాల గడ్డి జాతులన్నిటికీ ఉన్న గుణం ఇదే, తొందరగా పెరుగుతాయి, అంతే తొందరగా ముదురుతాయి. స్టైలో వేరు లోతుకు పోతుంది కాబట్టి కింది తేమను పట్టుకుని ఇంకా పచ్చగా ఉంటుంది. ఆకు, పూత, కాయ అన్నీ కలిపి పన్నెండు నుంచి పదిహేను శాతం ప్రోటీన్ ఉంటుంది. అప్పుడు అదే ఆవు ఎండుగడ్డిని మూతితో పక్కకు నెట్టి స్టైలోని వెతుక్కుంటుంది.

మనకు ఇది కొత్త సంగతేమీ కాదు. అనంతపురం జిల్లాలో ఏ ఇంట్లో అడిగినా చెప్తారు, వేసవిలో గాడిలో వరిగడ్డి ఒక పక్క, కాయలు కోసుకున్నాక మిగిలే వేరుశనగ కట్టె ఒక పక్క వేస్తే ఆవు ముందు దేనికి మూతి పెడుతుందో. వేరుశనగ కట్టె కూడా పప్పుజాతి మేతే కదా. స్టైలో అంటే చేలో నిలబడి ఉన్న కట్టెవామి అనుకోండి.

ఏడు శాతం లెక్క గుర్తుపెట్టుకోండి. పశువు మేతను అరిగించేది నిజానికి దాని పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు. వాటికి నత్రజని కావాలి, అది మేతలోని ప్రోటీన్ నుంచి వస్తుంది. మేతలో ప్రోటీన్ సుమారు ఏడు శాతానికి దిగువకు పడితే ఆ జీవులు డీలా పడతాయి. తిన్న పీచు అరగకుండా పొట్టలోనే ఉండిపోతుంది. పొట్ట ఖాళీ కానప్పుడు ఆవు ఇంకా ఎలా తింటుంది? మోకాలెత్తు ఎండుగడ్డిలో నిలబడి కూడా ఆవు పక్కటెముకలు తేలేది ఇందుకే. అది మేత కరువు కాదు, ప్రోటీన్ కరువు.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. ఎండుగడ్డిలో 4 శాతం ప్రోటీన్, స్టైలోలో 14 శాతం అనుకుందాం. ఆవు తినే మేతలో 70 పాళ్లు గడ్డి, 30 పాళ్లు స్టైలో ఉంటే సగటు సరిగ్గా 7 శాతం. అంటే మూడో వంతుకు కాస్త తక్కువ స్టైలో తిన్నా చాలు, మిగతా ఎండుగడ్డి కూడా అరగడం మొదలవుతుంది. స్టైలో తనకు తానుగా ఇచ్చే బలం కన్నా, పనికిరాదనుకున్న గడ్డిని పనికొచ్చేలా చేయడం పెద్ద లాభం. ఒట్టి గడ్డి వేసుకుంటే మీకు పోయేది ఇదే.

ఈ రుతువుల మార్పు నా ఒక్కడి చేను మాట కాదు. ఉత్తర ఆస్ట్రేలియాలో, ముఖ్యంగా క్వీన్స్‌లాండ్‌లో, స్టైలో బీళ్లలో ఆవులు ఏం తింటున్నాయో ఏళ్ల తరబడి కొలిచారు. కొలిచే పద్ధతుల్లో ఒకటి నాకు చాలా నచ్చింది. కార్బన్‌లో కాస్త బరువైన రకం ఒకటుంది, కార్బన్-13 అంటారు. వేడి ప్రాంతాల గడ్డి ఆకులో అది కొంచెం ఎక్కువ, పప్పుజాతి ఆకులో కొంచెం తక్కువ. ఆవు పేడలో ఆ పాళ్లు కొలిస్తే అది ఎంత గడ్డి తిన్నదీ, ఎంత స్టైలో తిన్నదీ తెలిసిపోతుంది. ఆవు వెంట తిరగక్కర్లేదు, పేడ చాలు. అలా చూసినప్పుడు వానల మొదట్లో స్టైలో వాటా చాలా తక్కువగా, వానాకాలం చివరికి సగం దాటి ఉందని తేలింది.

మనకు ఆ మిషన్లు అక్కర్లేదు. నేను చేసేది చెప్తాను. పొద్దున మేత మొదలుపెట్టాక ఒక ఆవును ఎంచుకుని, నాలుగైదు అడుగుల దూరంలో నడుస్తూ వంద కొరుకులు లెక్కపెట్టండి. ఎన్ని గడ్డి మీద పడ్డాయి, ఎన్ని స్టైలో మీద పడ్డాయి, వేళ్ల మీద లెక్క. నెలకు ఒక రోజు చాలు. మా గౌరి అనే ఆవుతో శ్రావణంలో లెక్కపెడితే వందలో పది కూడా స్టైలో ఉండేవి కావు. పుష్యమాసంలో సగానికి పైగా అవే. అదే ఆవు, అదే చేను.

ఇంకో సంగతి, పేడ చూడండి. ప్రోటీన్ చాలినప్పుడు పేడ మెత్తగా, పలచటి రొట్టెలా పరుచుకుని మధ్యలో చిన్న గుంట పడుతుంది. ఒట్టి ఎండుగడ్డి మీద ఉన్న ఆవు పేడ గట్టిగా, ఒకదాని మీద ఒకటి మడతలు పేర్చినట్టు కుప్పగా పడుతుంది. పుల్లతో విడదీస్తే లోపల పొడుగాటి పీచు కనిపిస్తుంది. జనవరి తర్వాత మీ ఆవుల పేడ కుప్పకడుతోందంటే చేలో స్టైలో అయిపోయిందనో, అందట్లేదనో అర్థం. ఆవు ఒంటి మీద ఎముకలు కనిపించే దాకా ఆగితే ఆలస్యమైపోతుంది. పేడ రెండు మూడు రోజుల్లోనే చెప్పేస్తుంది.

మీ విషయంలో ఇంకో కారణం కూడా ఉందనుకుంటున్నాను. ఆవులు కోస్తా నుంచి వచ్చాయన్నారు. అవి వరిగడ్డి, తవుడు, గట్ల మీద పచ్చిగడ్డి తిని పెరిగి ఉంటాయి. స్టైలో మొహం ఎప్పుడూ చూసి ఉండవు. పశువు ఏది తినాలో దూడగా ఉన్నప్పుడు తల్లి పక్కన నిలబడి నేర్చుకుంటుంది. తెలియని మొక్కను వాసన చూసి వదిలేస్తుంది, అనుమానం తీరే దాకా కొంచెం కొంచెం కొరికి చూస్తుంది. అందుకని ఓ వారం పది రోజులు సాయంత్రం పూట రెండు మూడు కిలోల స్టైలో కోసి, కాస్త వాడనిచ్చి, వాటికి అలవాటైన గడ్డితో కలిపి గాడిలో వేయండి. పైన ఉప్పునీళ్లు చిలకరిస్తే ఇంకా త్వరగా మూతి పెడతాయి. వీలైతే స్థానికంగా స్టైలో మేసిన ఆవును ఒకదాన్ని మందలో కలపండి. మిగతావి దాన్ని చూసి నేర్చుకుంటాయి. నేను కొన్న ఆవులన్నిటికీ ఇలాగే చేస్తాను.

పప్పుజాతి అంటే చాలు, పశువు తినేస్తుందని కూడా అనుకోకండి. మన బీళ్లలో వెంపలి, తంగేడు నిండా ఉంటాయి. రెండూ చిక్కుడు కుటుంబానివే. తంగేడును ఆవు పూత మీద ఉన్నా ముట్టదు, కరువులో కూడా అది అలాగే నిలబడి ఉంటుంది. ఆకులో ప్రోటీన్ ఎంతున్నా, చేదో వగరో ఉంటే ఆ ప్రోటీన్ పశువుకు అందదు. సుబాబుల్ దీనికి తిరగబడిన కథ. అది పశువుకు చాలా ఇష్టం. కానీ ఆకులో మైమోసిన్ అనే పదార్థం ఉంది, ఎక్కువ రోజులు అదే మేతగా పెడితే వెంట్రుకలు రాలడం, థైరాయిడ్ గ్రంథి వాయడం జరుగుతుంది. హవాయి దీవుల్లో మేకలు సుబాబుల్‌ని హాయిగా తింటుంటే, ఆ విషాన్ని విరిచే బ్యాక్టీరియా వాటి పొట్టలో ఉందని ఆస్ట్రేలియా శాస్త్రవేత్త రేమండ్ జోన్స్ పసిగట్టారు. ఆ బ్యాక్టీరియాకు ఆయన పేరే పెట్టారు. సుబాబుల్ పెట్టేవాళ్లు మేతలో మూడో వంతు దాటకుండా చూసుకుంటే మంచిది. దశరథ గడ్డి పేరుకే గడ్డి, అదీ పప్పుజాతి మేతే. దానిలో ఆ మైమోసిన్ గొడవ లేదు, ఆవులు వానాకాలంలో కూడా బాగానే తింటాయి. గట్ల మీద నాలుగు వరుసలు వేసుకోండి.

ఇప్పుడు అసలు జాగ్రత్త. ఇది మీరు తప్పకుండా వినాల్సిన మాట.

వానాకాలంలో ఆవు గడ్డినే ఏరి తినడం వల్ల స్టైలోకి మేలు జరుగుతుంది. గడ్డి నీడ తగ్గి దానికి ఎండ తగులుతుంది, గుబురు కడుతుంది. అందుకే కొంచెం మేపడం మంచిదే. కానీ పశువులు ఎక్కువై, గడ్డిని వానాకాలమంతా నేలమట్టానికి కొరికేస్తే రెండు మూడేళ్లలో అంజన్ గడ్డి దుబ్బులు చచ్చిపోతాయి. అప్పుడు చేనంతా స్టైలోనే మిగులుతుంది. చూడ్డానికి పచ్చగా బాగుంటుంది. వేసవిలో ఆకు రాలిపోయాక నేల బోసిపోతుంది, తొలకరి గాలివానకు పైమట్టి కొట్టుకుపోతుంది. ఆస్ట్రేలియాలో చాలాచోట్ల ఈ ఇబ్బందే వచ్చింది. స్టైలో పోతుందేమోనని మీరు భయపడుతున్నారు, నాకు మీ గడ్డి పోతుందేమోనని భయం.

ఎందుకంటే మీ ఐదెకరాలకు ఆరు ఆవులు ఎక్కువ. మంచి వానలు పడిన ఏడాది నా చేలో ఎకరాకు టన్నున్నర దాకా ఎండుబరువు మేత వస్తుంది. మీకూ అంతే వచ్చిందనుకుంటే ఏడున్నర టన్నులు. అందులో సగం నేల మీద వదిలేయాలి, లేకపోతే చేను నిలవదు. మిగిలింది మూడు టన్నుల ముప్పావు. మూడు వందల కిలోల ఆవు రోజుకు ఆరేడు కిలోల ఎండుబరువు తింటుంది, ఆరింటికి సుమారు నలభై కిలోలు. అంటే మూడు నెలల మేత. ఏడాదంతా ఈ చేను మీదే వదిలేస్తామంటే కుదరదు. మిగతా రోజులకు వేరుశనగ కట్టె, జొన్న చొప్ప, గట్ల మీది చెట్ల ఆకు, కొంత కొన్న మేత చూసుకోవాల్సిందే. ఇది చెప్పడం నాకూ కష్టంగానే ఉంది, కానీ మొదట్లోనే లెక్క చూసుకుంటే ఆవులు చిక్కవు.

నేను చేసే పద్ధతి ఇలా ఉంటుంది. చేనును నాలుగు ముక్కలు చేశాను, మధ్యలో ఎండుముళ్ల కంపే కంచె. తొలకరి పడ్డాక నెలన్నర దాకా ఏ ముక్కలోనూ పశువును వదలను. కష్టమైన రోజులవి, పాత చొప్ప కొంత దాచుకోవాలి. ఆ తర్వాత మూడు ముక్కల్లో మార్చి మార్చి మేపుతాను. గడ్డి బెత్తెడు ఎత్తుకు రాగానే ఆవుల్ని పక్క ముక్కలోకి మార్చేస్తాను. నాలుగో ముక్కను వానాకాలంలో అసలు ముట్టుకోను. మన జిల్లాలో పెద్ద వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే కదా, వాటికి ఆ ముక్కలో స్టైలో మోకాలి దాకా లేస్తుంది. దాన్ని పుష్యం, మాఘమాసాలకు ఉంచుతాను. ఏటా ఆ ముక్కను మారుస్తాను. దాని వల్ల అన్ని ముక్కల్లోనూ స్టైలో ఒక్కో ఏడు గింజ రాల్చుకుంటుంది. హమాటా రకం స్టైలో మొక్క ఒకటి రెండేళ్లకు మించి బతకదు, రాలిన గింజే దాని ఆయుష్షు. మీది రెండో ఏడు కాబట్టి ఈసారి పూత మీద ఉన్నప్పుడు అన్ని ముక్కలూ మేపేయకండి.

రాలిన ఆకు, కాయ కూడా మేతే. ఫిబ్రవరి, మార్చిలో మా ఆవులు తలవంచి నేలను నాకుతున్నట్టు కనిపిస్తాయి. దగ్గరికెళ్లి చూస్తే రాలిన స్టైలో ఆకును, కాయల్ని నాలుకతో ఊడ్చుకుంటున్నాయి. వాటిలో కొంత గింజ అరగకుండా పేడలో బయటికొచ్చి, వచ్చే ఏడు ఆ పేడ పడిన చోటల్లా మొలుస్తుంది. మా కంచె అవతలి బీడులోకి స్టైలో అలాగే చేరింది. అకాల వాన పడితే మాత్రం రాలిన ఆకు నల్లబడి బూజు పడుతుంది. అప్పుడు నాలుగైదు రోజులు ఆ ముక్కలోకి వదలకండి.

ల్యాబ్ పరీక్ష చేయించాలనుకుంటే ఒక మాట. కొడవలితో మొదలంటా కోసిన గడ్డిని పంపితే వచ్చే రిపోర్ట్ ఆవు తినే మేతది కాదు. ఆవు కాడను వదిలి ఆకును తింటుంది, ముదురును వదిలి లేతను తింటుంది. దాని వెనకే నడుస్తూ అది కొరికినలాంటి ఆకుల్నే చేత్తో తుంచి, నీడన ఆరబెట్టి పంపండి. మా చేను నుంచి రెండు రకాలుగా పంపినప్పుడు చేత్తో తుంచిన దానిలో ప్రోటీన్ స్పష్టంగా ఎక్కువ వచ్చింది.

మన ఎర్రనేలల్లో భాస్వరం తక్కువ. స్టైలో ఆ నేలలోనూ బతికేస్తుంది గానీ, దాన్ని తిన్న ఆవుకు భాస్వరం చాలదు. ఆవు గుడ్డపేలికలు, ఎముకలు, చెప్పులు నమలడం చూశారా? అది అల్లరి కాదు, లోపం. రోజుకు యాభై గ్రాముల మినరల్ మిక్చర్ దాణాలో కలపండి, ఉప్పుగడ్డ ఒకటి కొట్టంలో వేలాడదీయండి. పచ్చిమేత బాగున్న వానాకాలంలో కూడా ఆపొద్దు.

నేనూ ఒకప్పుడు మీలాగే ఆలోచించాను. మూడో ఏడు ఆగస్టులో, ఆవులు ముట్టట్లేదని ఎకరం స్టైలోని దున్నించి జొన్న వేశాను. గట్టు పక్కన నాగలి అందని సన్నటి పట్టీ ఒకటి మిగిలిపోయింది. ఆ ఫాల్గుణంలో మా గౌరి రోజూ సాయంత్రం ఇంటికి మళ్లే ముందు ఆ పట్టీ దగ్గర ఆగిపోయేది. కొమ్ము పట్టుకుని లాగినా కదిలేది కాదు. అక్కడ మిగిలింది మొండి మొదళ్లు, రాలిన కాయలు. అప్పటికి అది చూలుతో ఉంది, ఏడో నెల. దున్నేసిన ఎకరం వైపు చూస్తే కడుపులో దేవినట్టయింది. మరుసటి తొలకరికి మళ్లీ చల్లాను.

మీ చేలో స్టైలో పలచగా ఉన్న చోట్ల ఇప్పుడే కొంచెం చల్లుకోండి. గింజ పైపొర గట్టిది, నేరుగా చల్లితే సగం మొలవదు. బాగా మరిగి కాస్త చల్లారిన నీళ్లలో, ఎనభై డిగ్రీల వేడిలో, నాలుగు నిమిషాలు ఉంచి తీసి, రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి, నీడన ఆరనిచ్చి, ఇసుకలో కలిపి చల్లండి. మట్టి లోతుగా కప్పకండి, ముళ్లకంప ఒకసారి లాగితే చాలు. ఒకే రకం కాకుండా హమాటాతో పాటు స్కాబ్రా కూడా కొంత కలపండి. ఆస్ట్రేలియాలో ఒకే రకం, టౌన్స్‌విల్ స్టైలో, లక్షల ఎకరాల్లో పరిచారు. 1970ల్లో ఆకుమచ్చ తెగులు పట్టి అది తుడిచిపెట్టుకుపోయింది. ఆ తర్వాతే హమాటాలో వెరానో, స్కాబ్రాలో సీకా రకాల వైపు మళ్లారు. స్కాబ్రా పొదలా నిలబడి ఎక్కువేళ్లు బతుకుతుంది, హమాటా గింజతో పరుచుకుంటుంది.

విత్తనం కోసం దూరం పోనక్కర్లేదు. మన అనంతపురం జిల్లాలోనే దశాబ్దాలుగా రైతులు స్టైలో విత్తనం పండిస్తున్నారు. మొక్క కోసేశాక నేల మీద రాలిన గింజను చీపుర్లతో ఊడ్చి, జల్లెడ పట్టి, తూర్పారబడతారు. కొనేటప్పుడు గుప్పెడు తీసుకుని అరచేతిలో నలిపి చూడండి. మట్టి, ఇసుక రేణువులు ఎక్కువుంటే ధర తగ్గించమని అడగండి. కిలోకు ఇంత అని కాకుండా, ఓ ఇరవై గింజలు వేడినీళ్ల పద్ధతిలో తడిపి, తడిగుడ్డలో కట్టి, నాలుగైదు రోజుల్లో ఎన్ని మొలిచాయో చూసుకుని, అప్పుడు మిగతాది కొనండి.